కారుకి కందెన

నాకో జబ్బుంది. ఏ మాట చెవిన పడినా అది ఎక్కడ పుట్టింది, ఎవరి నోట పెరిగింది, మన దాకా ఎవరు మోసుకొచ్చారు అని ఆరా తీయకుండా ఉండలేను. తిరువూరు చుట్టుపక్కల బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పాఠం కన్నా పక్కదారులే ఎక్కువ తిప్పానని నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ బస్టాండులో కనిపించి నవ్వుతుంటారు. "సార్, హార్స్ పవరులోకి గుర్రం ఎందుకొచ్చిందో బాగా గుర్తుందండి, లెక్క మాత్రం గుర్తు లేదండి" అన్నాడొకడు మొన్నీమధ్య. ఆవిరి యంత్రాలు అమ్ముకునేవాడు గుర్రాలున్న ఆసామికి తన సరుకు గొప్ప చెప్పుకోవాలంటే గుర్రంతోనే పోల్చాలి కదా. అదే యంత్రం మా గంపలగూడెం వైపు పుట్టి ఉంటే ఈపాటికి కార్లన్నీ ఎద్దుల లెక్కన అమ్ముడుపోయేవి.

రిటైరయ్యాక సెకండ్ హ్యాండులో బూడిదరంగు చిన్న కారు ఒకటి కొన్నాను. దానితో నా జబ్బుకి కొత్త మేత దొరికింది. టైరు అంటే చక్రానికి కట్టిన బట్ట అట, మనిషికి దుస్తులున్నట్టు. పెట్రోలు అంటే రాతి నూనె. డాష్‌బోర్డు అంటే ముందు నడిచే గుర్రాల డెక్కల నుంచి ఎగిరే బురద బండిలో కూర్చున్నవాళ్ళ మీద పడకుండా అడ్డం పెట్టిన చెక్క. గుర్రం పోయింది, బురద పోయింది, చెక్క పోయింది, పేరు మాత్రం పాటలు వినిపిస్తూ అక్కడే కూర్చుంది. అసలు కారు అన్న మాటే రోమన్లు తమ పొరుగు జాతుల బండి పేరును అరువు తెచ్చుకుంటే వచ్చిందట. అంటే అది చుట్టరికం కలుపుకోవాలంటే మన ఎడ్లబండితోనే కలుపుకోవాలి. ఇవన్నీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళకి చెప్పేవాణ్ణి. ఎక్కువగా కూర్చునేది మా ఆవిడ. ఆమె విస్సన్నపేట దాటకముందే నిద్రపోయేది.

మా అమ్మాయికి ఆ వసతి లేదు. నా దగ్గరే డ్రైవింగు నేర్చుకుంది కాబట్టి మెలకువగా ఉండి వినాల్సి వచ్చింది. స్టీరింగు పట్టుకున్న మొదటి రోజే నా షరతులు చెప్పాను. బండి నడిపినంతసేపూ ఫోను ఆపేసి బ్యాగులో పడేయాలి. బయల్దేరేముందు బానెట్ ఎత్తి అన్నీ చూసుకోవాలి. దారిలో ఎవరు చెయ్యి ఊపినా ఆపకూడదు. "ఇన్ని రూల్సు లైసెన్సు ఇచ్చేవాళ్ళు కూడా పెట్టలేదు నాన్నా" అని విసుక్కుంది గానీ పాటించింది. నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేసే మనిషి ఈ ఇంట్లో అదొక్కతే.

ఇక మా అమ్మ. ఎనభై మూడేళ్ళు, చూపు కొంచెం తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఆమె లోకంలో అన్నిటికీ ఒకటే మందు, ప్రార్థన నూనె. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఇది మామూలే. కొబ్బరి నూనె సీసా చర్చికి పట్టుకెళ్తారు, పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఇక ఆ నూనె తలనొప్పికి నుదుటన, వాతానికి మోకాలిన, పరీక్షకు వెళ్ళే పిల్లలకు నడినెత్తిన. ఒకసారి మా ఫ్రిజ్ చల్లబడటం మానేస్తే దాని తలుపుకీ రాసింది. మెకానిక్కు వచ్చి బాగుచేసి వెళ్ళాక, "చూశావా" అంది నాతో.

నేనూ చర్చికి వెళ్తాను, పాటలూ పాడతాను. కానీ నూనె దగ్గరకొచ్చేసరికి నాలోని సైన్సు మాస్టారు గొంతు సవరించుకుంటాడు. "అమ్మా, నూనె అంటే నువ్వుల నెయ్యి. నువ్వూ నెయ్యీ కలిసి నూనె అయ్యింది. మరి కొబ్బరి నూనె అంటే ఏంటి, కొబ్బరి నువ్వుల నెయ్యా? నీ సీసా మీద పేరే తప్పు" అని ఏడిపించేవాణ్ణి. ఇంగ్లీషువాడు కూడా ఇదే పని చేశాడని, వాడి ఆయిల్‌కి ఆలివు కాయ తల్లి అని, ఎవరింట్లో ఏ గింజ ఉంటే నూనెలన్నిటికీ దాని పేరే పెట్టుకున్నారని చెప్పేవాణ్ణి. అమ్మ అంతా విని, "పేరు తప్పయితే ఏంట్రా, పని చేస్తంది కదా" అనేది. పైగా క్రీస్తు అన్న మాటకే నూనెతో అభిషేకం పొందినవాడని అర్థం అని నేనే ఒక రోజు నోరు జారాను. అప్పటి నుంచి కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. నూనె గురించి నేను నోరెత్తినప్పుడల్లా, "క్రీస్తు అంటే ఏంటో చెప్పరా" అనేది.

పోయిన డిసెంబరులో అమ్మాయికి విజయవాడలో ఉద్యోగం పరీక్ష పడింది. రెండేళ్ళుగా గదిలో తలుపేసుకుని చదివిన పరీక్ష. నేను తోడొస్తానంటే ససేమిరా అంది. "నువ్వు పక్కన కూర్చుంటే మైలవరం వెళ్ళేలోపు క్లచ్చు పుట్టుపూర్వోత్తరాలు చెప్తావు. నేను చదివిందంతా మర్చిపోతాను. ఒక్కదాన్నే వెళ్తాను" అంది. మా ఆవిడ ఆ వారం విస్సన్నపేటలో వాళ్ళ అక్కగారింట్లో ఉంది, అక్కగారికి మోకాలి ఆపరేషను అయితే సాయానికి వెళ్ళింది. ఫోనులో అడిగితే, "పంపించండి, ఎన్నాళ్ళు పక్కన కూర్చుంటారు" అంది. సరేనన్నాను. అంత దూరం అమ్మాయి ఒక్కతే నడపడం అదే మొదటిసారి.

రెండు రోజుల ముందు దాన్ని వాకిట్లో నిలబెట్టి బానెట్ ఎత్తి ఒక్కొక్కటీ మళ్ళీ చూపించాను. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. బ్రేకు ఆయిలు ఉండే తెల్ల ప్లాస్టిక్కు డబ్బా దగ్గర ఆగి, "అన్నిటికన్నా ఇది ముఖ్యం. నీ ప్రాణాలు ఈ డబ్బాలో ఉన్నాయనుకో" అన్నాను. కొంచెం నాటకీయంగానే అన్నాను, పాత అలవాటు. మూత వదులుగా ఉందేమోనని నా బలం కొద్దీ బిగించాను కూడా.

శనివారం తెల్లవారింది. మంచు ఎంత దట్టంగా పడుతోందంటే ఎదురింటి గేటు కనిపించలేదు. అమ్మాయి బానెట్ ఎత్తి అన్నీ చూసుకుని, అది అలాగే ఉంచి టిఫిను డబ్బా తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను హాల్‌టికెట్టు నకలు తీసి ఉందో లేదో అని కంగారుగా కాగితాలు తిరగేస్తున్నాను. తర్వాత అమ్మ దాన్ని దగ్గరకు తీసుకుని నడినెత్తిన నూనె పెట్టి ప్రార్థన చేసింది. అమ్మాయి బానెట్ దించి, ఫోను ఆపేసి బ్యాగులో వేసుకుంది. ఆరున్నరకు కారు మంచులో కలిసిపోయింది.

నేను కాఫీ పెట్టి అమ్మకు ఒక గ్లాసు ఇచ్చి పేపరు పట్టుకున్నాను. ఏడు దాటి ఉంటుంది, అమ్మ ఖాళీ సీసా ఊపుతూ అంది.

"ఒరేయ్, బజారుకెళ్తే కొబ్బరి నూనె సీసా ఒకటి పట్రా. రేపు చర్చికి తీసుకెళ్ళి ప్రార్థన చేయించుకోవాలి."

"నిన్నటి దాకా సగానికి పైగా ఉంది కదమ్మా?"

"బండికి పోశాగా."

"ఏ బండికి?"

"మనకున్నయ్ ఎన్ని బళ్ళురా? కారుకే. అది టిఫిను తెచ్చుకోవడానికి లోపలికెళ్ళినప్పుడు ముందు తలుపు ఎత్తే ఉంది. ప్రాణాలన్నీ ఇందులోనే అని మొన్న చూపిచ్చావే తెల్ల డబ్బా, అందులో పోశా. చలికి గడ్డకట్టి ఉంటే వేణ్ణీళ్ళలో పెట్టి కరగబెట్టి మరీ పోశా. మూత కూడా తేలిగ్గానే వచ్చింది. ఇరుసుకి కందెన వెయ్యకుండా ఎవరన్నా బండిని దారికి తోలతారా?"

కందెన అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకి పూసే నల్లటి జిడ్డు. మామూలు రోజైతే ఆ మాట పట్టుకుని గంట సేపు మాట్లాడేవాణ్ణి. ఆ రోజు నాకు చేతిలో పేపరు ఎప్పుడు కింద పడిందో తెలియదు.

తెలియనివాడు హాయిగా ఉంటాడు. నాకు తెలుసు, అదే నా కర్మ. బ్రేకు నొక్కితే కారు ఆగేది ఇనుము బలంతో కాదు, సన్నటి గొట్టాల్లో ఉన్న ద్రవం బలంతో. ఆ ద్రవం బయటికి పోకుండా కాపాడేవి చిన్న చిన్న రబ్బరు ముక్కలు. మొదట్లో బ్రేకుల్లో పోసింది ఆముదం కలిపిన సరుకే గానీ, ఇప్పటి రబ్బరుకి నూనె పడదు. తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బితే బ్రేకు పట్టేయొచ్చు, లేదా ద్రవం కారిపోయి కాలు నొక్కితే పెడలు ఖాళీగా నేల దాకా వెళ్ళిపోవచ్చు. ఇదంతా నేను పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన పాఠమే. ఆ బొమ్మలో మా అమ్మాయి ఎప్పుడూ లేదు.

ఫోను చేశాను. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేశాను. స్విచ్ఛాఫ్. నా రూలు నా మెడకే చుట్టుకుంది. దారిలో ఉన్న తెలిసినవాళ్ళెవరికైనా ఫోను చేసి కారు ఆపమందామా అంటే, ఎవరు చెయ్యి ఊపినా ఆపొద్దని చెప్పింది కూడా నేనే. అది ఆపదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల.

అప్పుడు అమ్మ మీద అరిచాను. ఏమన్నానో దాచుకోను. "నీ నూనె పిచ్చి నా కూతురి ప్రాణం మీదికి తెచ్చింది. దానికేమన్నా అయితే ఇక నీ మొహం చూడను" అన్నాను. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూసేంత గట్టిగా అన్నాను. పుట్టి బుద్ధెరిగాక అమ్మను అంత మాట అనలేదు. అమ్మ ఖాళీ సీసా అలాగే పట్టుకుని, "బిడ్డకేమైద్దిరా?" అని ఒక్కటే అడిగింది. నేను మోటారు సైకిలు తాళాలు తీసుకుని బయటపడ్డాను.

మంచులో రోడ్డు మీటరు మీటరుగా పుట్టుకొస్తోంది. పత్తి లోడు ట్రాక్టర్లు దీపాలు కూడా లేకుండా దగ్గరికొచ్చాక ప్రత్యక్షమవుతున్నాయి. ప్రతి మలుపులోనూ బూడిదరంగు ఆకారం ఏది కనిపించినా మా కారే అనిపించేది, దగ్గరికెళ్తే గడ్డివామో, ఆగిన ఆటోనో. ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాలన్నీ ఆ చలిలో నా మీదికే తిరగబడ్డాయి. వేగం రెట్టింపైతే బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి అన్న సూత్రం ఒకటే బుర్రలో తిరుగుతోంది. దేవుణ్ణి కూడా తలుచుకున్నాను. ప్రార్థన నూనెను ఎగతాళి చేసిన నోటితోనే, ఆ నూనె పని చేయకుండా చూడు స్వామీ అని వేడుకున్నాను. అలాంటి ప్రార్థన ఆయన దగ్గరికి అంతకు ముందు వెళ్ళి ఉండదు.

ఏ.కొండూరు దాటుతుండగా జేబులో ఫోను మోగింది. బండి పక్కన ఆపి చూస్తే అమ్మాయి. తీసి చెవిన పెట్టుకున్నాను.

"నాన్నా, అద్దం మీద ఏదో జిడ్డు వచ్చింది. మంచు తుడుద్దామని నీళ్ళు కొట్టాను. నీళ్ళకి బదులు ఏదో కారింది, వైపరు వేస్తే అద్దమంతా తెల్లగా పులిమేసింది. ఏమీ కనిపించలేదు. మెల్లగా పక్కకి తీసి ఆపేశాను."

"ఆపావా? ఆగిందా?"

"ఆగకుండా ఎక్కడికి పోద్ది? పునుగుల బండి పక్కన ఉన్నాను. నువ్వెందుకు రొప్పుతున్నావు?"

ఆగింది. ఆ ఒక్క మాట చాలు నాకు. రోడ్డు పక్కన పత్తి చేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. సైకిలు మీద పాలు తీసుకెళ్తున్నాయన ఆగి, "ఏమైందండీ, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదండీ, ఉన్నారండీ" అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు.

"నేను వచ్చేదాకా బండి కదపకు" అని చెప్పి పావుగంటలో అక్కడికి చేరాను. వెళ్ళగానే కూతుర్ని పలకరించకుండా బానెట్ ఎత్తాను. బ్రేకు డబ్బాలో ఆయిలు గీత దాకా ఉంది, తేనె రంగులో, శుభ్రంగా. మూత నేను బిగించినట్టే ఉంది. తిప్పితే రాలేదు. నా చేతికే రానిది ఎనభై మూడేళ్ళ మనిషి చేతికి తేలిగ్గా ఎలా వస్తుంది? అమ్మ ఆ సంగతి చెప్పింది కూడా, మూత తేలిగ్గానే వచ్చిందని. నేనే వినలేదు. ఇంకోవైపు అద్దం కడిగే నీళ్ళకి మరో తెల్ల డబ్బా ఉంది. దాని మూత వేలితో నెడితే వచ్చేసేది. అంచుల చుట్టూ తెల్లటి కొవ్వు. నెలల తరబడి అందులో నేను నీళ్ళు పోయలేదు. డబ్బా నిండా నీళ్ళుంటే నూనె పైన తేలేది, కింది నుంచి లాగే పంపుకి అందేదే కాదు. ఇంజను వేడికి కరిగి ఉన్న నూనె చల్లటి అద్దం మీద పడగానే గడ్డకట్టింది. అంతే జరిగింది.

అమ్మకు చూపు తగ్గింది. ఆమెకు తెల్ల డబ్బా అంటే తెల్ల డబ్బాయే. నాకేం తగ్గింది?

పునుగుల బండి ఆవిడ అప్పటికే అద్దం సంగతి చూసేసింది. పొడి శనగపిండి గుప్పెళ్ళతో చల్లి, పాత చీర ముక్కతో రుద్ది, మళ్ళీ చల్లి, చివరికి వేణ్ణీళ్ళతో కడిగిందట. అద్దం కొత్తదానిలా ఉంది. "నూనె మరకకి నీళ్ళు కొడితే పోద్దా సారూ? పిండి పడితేనే పోద్ది" అంది నాతో. పిండి నూనెను ఎలా పీల్చుకుంటుందో, దానికీ సబ్బుకీ తేడా ఏమిటో చెబుదామని నోరు తెరిచాను. అమ్మాయి నా వైపు చూసింది. నోరు మూసుకుని నాలుగు పునుగులు అడిగాను. అంత రుచిగల పునుగులు నేను జన్మలో తినలేదు.

తింటూ జరిగిందంతా చెప్పాను. అది మొదట పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నాయనమ్మని ఏమన్నావు?" అంది. నా సంగతి దానికి బాగా తెలుసు. అన్న మాట అన్నట్టే చెప్పాను.

"అంత మాట అన్నావా? ఇంటికి ఫోను చేశావా?"

చేయలేదు. అమ్మ ఫోను ఎత్తదు, పక్కింటివాళ్ళకైనా చేయొచ్చు. ఆ ఆలోచనే రాలేదు. అమ్మాయే పక్కింటికి చేసింది. వాళ్ళు గోడ మీద నుంచి పిలిస్తే అమ్మ పలకలేదట, ప్రార్థనలో ఉందేమో అన్నారు.

"నేను వెళ్తాను, టైముంది. నువ్వు నాతో రావద్దు. నాయనమ్మ దగ్గరికి వెళ్ళు" అంది. ఎక్కి కూర్చుని, నేను చెప్పకుండానే రెండుసార్లు బ్రేకు తొక్కి చూసుకుని కదిలింది. మంచు విడుతోంది. కారు మైలవరం వైపు చాలా దూరం దాకా కనిపించింది.

తిరుగు ప్రయాణంలో రోడ్డు అదే, మనిషినే వేరు. ఎండ వచ్చింది. మామిడి తోటల మీద మంచు ఆవిరై లేస్తోంది. నాకు గట్టిగా పాడాలనిపించింది, హెల్మెట్టు లోపల పాడాను కూడా. పిల్ల బతికి ఉంది, బ్రేకులు బాగున్నాయి, పరీక్షకు అందుకుంటుంది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి అనుకున్నాను. తిరువూరు దగ్గర పడుతున్న కొద్దీ పాట సన్నగిల్లింది.

అమ్మ నేను వదిలి వెళ్ళిన చోటే, అరుగు మీదే ఉంది. కాఫీ గ్లాసు మీద మీగడ కట్టింది. సీసా ఒళ్ళోనే ఉంది. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. నా మొహంలోకి చూసింది.

"బాగుందమ్మా. విజయవాడ వెళ్ళిపోతోంది. దానికేమీ కాలేదు."

కళ్ళు మూసుకుని, "స్తోత్రం, స్తోత్రం" అని చాలాసేపు అంటూనే ఉంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను.

"నువ్వు పోసింది బ్రేకు డబ్బాలో కాదమ్మా. అద్దం కడుక్కునే నీళ్ళ డబ్బాలో. నేనే ఏ డబ్బా అని అడక్కుండా అరిచాను. తప్పయింది."

"టిఫిను తిన్నావా?" అంది.

"నాలుగు పునుగులు తిన్నా."

"మరి నాకు తేలేదే" అంది. అప్పుడు ఇద్దరం కొంచెం నవ్వాం. అయినా ఆ మాట నా నోటి నుంచి వచ్చింది, అది వెనక్కి పోదు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "కారుకి ఇరుసు ఎక్కడుందో నీకు తెలియదు. కందెన వెయ్యాలని ఎందుకంత పట్టుదల?" అని అడిగాను.

అమ్మ వీధి వైపు చూసింది.

"నువ్వు దారిలో పుట్టావు, తెలుసుగా?"

"ఆసుపత్రికి వెళ్తుంటే పుట్టానని చెప్పేవాళ్ళు."

"వెళ్తుంటే కాదు. ఆగిపోతే."

నేను అప్పటిదాకా ఆ సంగతి వినలేదు. అమ్మ చెప్పింది. గంపలగూడెం అవతల మా ఊరు. నాన్న ఒక రైతు దగ్గర పాలేరు. నొప్పులు మొదలైతే ఆ రైతు బండి ఇచ్చాడు, ఇరుసుకి కందెన వేసుకుని తోలుకెళ్ళమని మరీ చెప్పాడు. కందెన డబ్బా బండి కిందే వేలాడుతోంది.

"నా అరుపులకి మీ నాన్నకి కాళ్ళూ చేతులూ ఆడలా. మర్చిపోయాడు. సగం దారిలో చక్రం కీచుమని అరిచి అరిచి, పొగొచ్చి, పట్టేసింది. ఎద్దులు లాగలేకపోయినయ్. చుట్టూ జొన్నచేలు. మండే ఎండ. నేను బతకననే అనుకున్నా. నువ్వూ బతకవనుకున్నా. చేలో కలుపు తీసే ముసలమ్మ ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. ఆవిడే బొడ్డు కోసింది. ఇయ్యాల బిడ్డ ఒక్కతే దారికెళ్తంటే నాకు ఆ చక్రమే గుర్తొచ్చింది."

నాన్న పోయి పన్నెండేళ్ళయింది. నెమ్మది మనిషి. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. లోకంలో ప్రతి మాటా ఎక్కడ పుట్టిందో వెతుక్కున్నాను, నేను ఎలా పుట్టానో అరవై రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదు. నన్నూ అమ్మనూ ఆ ఎండలో చావు దాకా తీసుకెళ్ళిన నాన్న మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోబోయాను. ఆ రోజు పొద్దున నేను అమ్మతో అన్న మాట గుర్తొచ్చింది.

"మరి నాన్నని ఏమన్నావమ్మా?"

అమ్మ నా ప్రశ్న అర్థం కానట్టు చూసింది.

"ఏమంటాను? నువ్వు ఏడ్చావు. నీ ఏడుపు విని ఆయనా ఏడ్చాడు. ఇద్దరూ ఏడుస్తుంటే ఇంక నేనేమంటానురా?"